మేడ్చల్ రోడ్డు డైరీ

జూన్ 9, 2025, సోమవారం

హైదరాబాద్‌లో బస్‌పాస్ ధరలు పెరిగాయి. ఆర్డినరీ 1,150 నుంచి 1,400. మెట్రో ఎక్స్‌ప్రెస్ 1,300 నుంచి 1,600. 229 నంబరు బస్సులో ముందు సగంలో ఉన్న ఆడవాళ్లకు ఈ వార్త పట్టలేదు. మాది ఉచిత జీరో టికెట్. వెనక సగంలో మాత్రం కొంపల్లి నుంచి ప్యారడైజ్ దాకా అదే ముచ్చట.

సుచిత్ర దగ్గర ఎక్కిన కుర్రాడొకడు ఫోన్‌లో ఎవరికో లెక్క అప్పజెబుతున్నాడు. "పాస్‌కు పదహారొందలు. ఇంటికాడికెళ్లి రోడ్డు మీదికి షేర్ ఆటో ఇరవై, మల్ల పొద్దూకి ఇరవై. నెలకు ఇంకో వెయ్యి. గదే బండి మీద పోతే దినాం నలభై కిలోమీటర్లు, లీటర్ గూడ పట్టదు."

మిగతాది నేను మనసులో వేసుకున్నాను. పెట్రోలు 107 రూపాయల చిల్లర. లీటరుకు యాభై ఇచ్చే బండి అయితే రోజుకు 86, పాతిక పనిదినాలకు 2,150. బస్సుకు 2,600. కుర్రాడి లెక్కలో తప్పు లేదు. బండి కిస్తీ, టైర్లు, వానలో జారిపడితే ఆసుపత్రి ఖర్చు అతను కలపలేదు. ఆ వయసులో నేనూ కలిపేదాన్ని కాదు.

పేపర్లలో ఎప్పుడు చూసినా బస్సుకూ కారుకూ పోటీ పెట్టి రాస్తారు. ఈ రోడ్డు మీద బస్సుకు అసలు పోటీ మోటార్ సైకిలు. బస్సు దిగిపోయేవాడు కారు కొనడు, సెకండ్ హ్యాండ్ స్ప్లెండర్ కొంటాడు.

జూన్ 12

మా కాలనీ గేటు నుంచి హైవే రెండు కిలోమీటర్లు. దూరం నడవదగ్గదే, దారి కాదు. ఒక వైపు కాలువ తవ్వి మట్టి రోడ్డు మీదే పోశారు. పొద్దున ఏడున్నరకు నీళ్ల ట్యాంకర్లూ స్కూలు బస్సులూ కంకర టిప్పర్లూ ఒకేసారి వస్తాయి. ఫుట్‌పాత్ ఉండాల్సిన చోట కరెంటు స్తంభాలు, వాటి పక్కన కొబ్బరిబొండాల బండి.

షేర్ ఆటో మూలమీది టీ కొట్టు దగ్గర ఆగి ఉంటుంది. నిండితేగానీ కదలదు. "ఇంకొక్కరొస్తే పోదాం అక్కా" అంటాడు. ఆ ఒక్కరూ వచ్చాక ఇంకొక్కరు అంటాడు. విసుక్కుంటే నిజం చెప్పాడు: "ఫైనాన్సోడు ఊకోడు గద అక్కా. ఆరుగురు ఎక్కకుంటే నాకు గ్యాస్ పైసలు గూడ ఎల్లయి."

హైవే మీదికి చేరాక నా కష్టం అయిపోయినట్టే. 229 కోసం టైము చూసుకోను. ఒకటి పోతే వెనక ఇంకోటి కనిపిస్తుంది. బోయిన్‌పల్లి, తాడ్‌బండ్ దాటి ప్యారడైజ్‌లో దిగి మెట్రో ఎక్కుతాను. ఒక్క స్టేషను వెళ్లి ప్యారేడ్ గ్రౌండ్‌లో లైను మారి నారాయణగూడ, మా ఆఫీసు అక్కడే. ఈ మూడు అంచెల్లో అన్నిటికన్నా పొట్టిది షేర్ ఆటో. ఎక్కువ తిట్లు తినేదీ అదే.

జూన్ 15, ఆదివారం

కొంపల్లి నుంచి కండ్లకోయ దాకా హోర్డింగులు చదువుకుంటూ వచ్చాను. ఓఆర్ఆర్, అంటే ఔటర్ రింగ్ రోడ్డుకు, అయిదు నిమిషాలు. ఇంటర్నేషనల్ స్కూలుకు మూడు నిమిషాలు. ఎయిర్‌పోర్టుకు నలభై. క్లబ్ హౌస్, ఇంటికి రెండు కార్ పార్కింగులు. బస్టాపుకు ఎన్ని నిమిషాలో ఒక్క హోర్డింగూ చెప్పదు. అడిగితే సేల్స్ కుర్రాడు నావైపు జాలిగా చూస్తాడేమో.

మా కాలనీ లేఅవుట్ వేసినప్పుడూ అంతే. లోపలి రోడ్లు ముచ్చటగా ఉంటాయి, గేటు ఒక్కటే, అదీ హైవేకు పెడమొహం. వెనక గోడకు చిన్న తలుపు పెట్టించుకుంటే నాకు అరకిలోమీటరు కలిసొస్తుంది. సెక్యూరిటీ కారణాల వల్ల కుదరదన్నారు. కారుకు అరకిలోమీటరు ఒక లెక్క కాదు కాబట్టి ఈ సంగతి ఎవరికీ తట్టలేదు.

జూన్ 22, ఆదివారం

గుండ్లపోచంపల్లి స్టేషనుకు వెళ్లాం, ఊరికే చూద్దామని. ఇంటికి హైవే కన్నా ఇదే దగ్గర. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వెళ్లే పాత గోదావరి లోయ లైను ఇది, 1900 ప్రాంతంలో వేసింది. అప్పుడు మీటర్ గేజి. ఇప్పుడు బ్రాడ్ గేజి, పైన కరెంటు తీగలు. 2023 ఏప్రిల్ 8న ప్రధాని జెండా ఊపాక మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ లోకల్ రైలు నడుస్తోంది. టికెట్టు అయిదు రూపాయల నుంచి మొదలు. ఇక్కడి నుంచి బొల్లారం, అల్వాల్, సఫిల్‌గూడ, మల్కాజిగిరి, ఆ తర్వాత సికింద్రాబాద్. దారిలో ఒక్క ట్రాఫిక్ సిగ్నల్ కూడా లేదు. కాగితం మీద దీనికి మించిన ప్రయాణం ఈ వైపు ఎవరికీ లేదు.

ప్లాట్‌ఫారం మీద మేమూ రెండు కుక్కలూ. సాయంత్రం బండికి ఇంకా చాలా సేపుంది.

రైళ్లు తక్కువ. ఎందుకు తక్కువ అంటే ఇవే పట్టాల మీద గూడ్సు పోవాలి, నిజామాబాద్ వైపు దూరపు బండ్లు పోవాలి. ఎంఎంటీఎస్ రెండో దశ ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది అని ఒప్పందం. ఆ డబ్బుల కోసం ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిచాయి. లైను వచ్చింది, స్టేషన్లకు రంగులు వేశారు, గంటకు ఒక బండి మాత్రం లేదు. పొద్దున బండి తప్పిపోతే ఆ పూట రైలు లేనట్టే. రోజుకు కొన్నిసార్లు మాత్రమే వచ్చేదాన్ని నమ్ముకుని ఎవరూ ఉద్యోగం చెయ్యరు. ఆఫీసులో సమావేశం పది నిమిషాలు ఎక్కువ సాగిందంటే ఆ సాయంత్రం ఇక చేతులెత్తెయ్యాల్సిందే.

తుప్పు రేకుల 229 దీని మీద గెలిచేది ఇక్కడే. నెమ్మదిగా పోతుంది, కుదుపుతుంది, ఏసీ లేదు. కానీ వస్తూనే ఉంటుంది.

జూన్ 29

పక్కింటాయన ప్లాటు అమ్మకానికి పెట్టారు. గజానికి చెప్పే ధరలో మెట్రోను కూడా కలిపేశారు. జేబీఎస్ బస్టాండు నుంచి మేడ్చల్ దాకా 24.5 కిలోమీటర్ల లైను రెండో దశ ప్రతిపాదనల్లో ఉన్నమాట నిజమే, రాష్ట్రం ఈ నెలలోనే కేంద్రానికి పంపింది. "వచ్చేస్తుందమ్మా" అన్నారాయన. మా మనవల పెళ్లిళ్లకు వస్తుందా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను. పాపం, అమ్ముకునే మనిషి.

జులై 2

షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్నావిడ మా వెనక వీధి ఇళ్లలో పనిచేస్తుంది. మేడ్చల్ దాటి ఒక ఊరి నుంచి వస్తుంది. నన్ను గుర్తుపట్టి ముందు కాస్త జరిగింది, తర్వాత అడగనే అడిగింది: "నీకు కారున్నది గదమ్మా, బస్సుల ఎందుకొస్తవ్?"

కారు మా ఆయన తీసుకెళ్తారని చెప్పాను.

"ఇంకోటి కొనరా?"

ఈ ప్రశ్న మా చుట్టాలు కూడా ఇంతే సూటిగా అడుగుతారు. ఆవిడ తన సంగతి చెప్పింది. టికెట్టు డబ్బులు పెట్టాల్సి వచ్చినన్నాళ్లూ వాళ్ల ఊళ్లోనే రెండిళ్లలో చేసేదట. పొద్దున పోను, సాయంత్రం రాను చార్జీలు పోతే మిగిలేదేమీ లేక. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు చార్జీ లేకపోయేసరికి ఇటు వచ్చి నాలుగిళ్లు పట్టింది. జీతం రెట్టింపు కన్నా ఎక్కువ. "బస్సుకు పైసల్లేవు, ఆటోకే ఉన్నయి" అంది. తన ఊరి నుంచి హైవే స్టాపు దాకా వచ్చే ప్రయాణమంతా ఉచితం, అక్కడి నుంచి మా గేటు దాకా రోజుకు నలభై.

సొంత బండి వదిలి బస్సెక్కడం కుదిరే పనేనా అని మా కాలనీ వాట్సాప్‌లో అప్పుడప్పుడూ చర్చ లేస్తుంది. కుదరదని తేల్చేస్తుంటారు. తేల్చేవాళ్ల ఇళ్లలో వంట చేసే మనిషి, గేటు దగ్గర సలాం కొట్టే మనిషి, మొక్కలకు నీళ్లు పెట్టే మనిషి పొద్దున్నే ఆ బస్సులోనే వచ్చి ఉంటారు.

జులై 13, ఆదివారం

ఉజ్జయిని మహంకాళి బోనాలు. సికింద్రాబాద్ లోపలికి బండ్లు పోనివ్వడం లేదు. 229లో బోనాల కుండలు, వేపమండలు, పసుపు నీళ్ల వాసన. బస్సు ముందే ఆపేసినా ఎవరూ గొడవ పడలేదు, దిగి నెత్తిన బోనమెత్తుకుని నడిచారు. ఇవాళ కారులో రావాలనుకున్నవాళ్లు ఎక్కడ పెట్టుకుని ఉంటారో.

జులై 23

జీరో టికెట్లు 200 కోట్లు దాటాయని డిపోల్లో సంబరాలు. మా బస్సు కండక్టర్ సంబరంలో లేదు. "రెండొందల కోట్లు కొట్టింది ఎవల చెయ్యి అక్కా, మా చెయ్యే గద" అని బొటనవేలు చూపించింది. జీరో అయినా టికెట్టు కొట్టాల్సిందే, ఆధార్ చూడాల్సిందే, లేకపోతే చెకింగులో తనకే మాట వస్తుంది.

వెనక నిలబడిన మగవాళ్లు గొణుగుతారు, డబ్బులిచ్చి నిలబడేది మేము, ఇవ్వకుండా కూర్చునేది వాళ్లని. రద్దీ పెరిగినమాట నిజమే. నాకు కోపం వచ్చేది ఇంకోచోట. ఉచితం చేసి జనాన్ని బస్సెక్కించడం ఒక పని. ఎక్కినవాళ్లకు సరిపడా బస్సులు కొనడం రెండో పని. మొదటిది ఒక్క జీవోతో అయిపోయింది.

ఆగస్టు 7

వాన. సుచిత్ర దగ్గర ఫ్లైఓవర్ పనుల గుంటల్లో నీళ్లు నిలిచి గంటసేపు కదల్లేదు. పక్కనే ఆగిన కారులో ఒకాయన స్టీరింగ్‌ను అరచేత్తో కొడుతున్నాడు. నేను పదహారు పేజీల ప్రూఫులు చూసి ఇద్దరికి ఫోన్ చేశాను, కిటికీకి తల ఆనించి కాస్త కునికాను కూడా. అందరికన్నా వెనక ఇల్లు చేరాను, ఆఫీసు పని మాత్రం అయిపోయింది.

బస్సులో యాభై మంది, దాని చుట్టూ కార్లలో ఒక్కొక్కరు. రోడ్డు మీద అందరికీ ఒకటే చోటు, ఒకటే ఆలస్యం. బస్సుకు వేరే దారి గీసి ఇస్తే ఈ లెక్క తిరగబడుతుంది. కానీ ఆ గీత కార్లలో తిరిగేవాళ్లే గియ్యాలి.

ఆగస్టు 17

ఇంట్లో వాదన. మా ఆయన ఆఫీసు పటాన్‌చెరులో. "నువ్వు బస్సు గొప్పలు చెబుతావు గానీ నన్ను బస్సులో పంపించి చూడు" అన్నారు. కాగితం తీసి వేశాం. కారులో అయితే కండ్లకోయ దగ్గర ఓఆర్ఆర్ ఎక్కి ముత్తంగిలో దిగడమే, ముప్పావుగంట లోపే. బస్సులో అయితే గేటు నుంచి షేర్ ఆటో, బోయిన్‌పల్లి దాకా 229, అక్కడ 219 పట్టుకుని బాలానగర్, కూకట్‌పల్లి, మియాపూర్ అన్నీ దాటి పటాన్‌చెరు. అన్నీ అనుకున్నట్టు దొరికినా రెండు గంటలు. రానూపోనూ నాలుగు. ఆయనే గెలిచారు, నేను టీ పెట్టాను.

ఇందులో ఆయన బద్ధకమేమీ లేదు. బస్సులూ రైళ్లూ మెట్రో అన్నీ ఊరి నడిబొడ్డుకే పోతాయి. సికింద్రాబాద్, కోఠి, అమీర్‌పేట. ఉద్యోగాలు మాత్రం అక్కడ ఆగలేదు. శివారు నుంచి శివారుకు పోయేవాళ్ల కోసం ఉన్నది 158 కిలోమీటర్ల రింగు రోడ్డు ఒక్కటే. దాని మీదికి ద్విచక్ర వాహనాన్నే రానివ్వరు, ఇక బస్టాపు మాటెక్కడ? నారాయణగూడలో పని కాబట్టి నేను బస్సు మనిషినయ్యాను. గచ్చిబౌలిలో ఉద్యోగమై ఉంటే ఈ డైరీలో పెట్రోలు బిల్లులు ఉండేవి.

సెప్టెంబరు 4

ఆఫీసులో నిజాం కాలం రవాణా మీద ఒక వ్యాసం ప్రూఫులకు వచ్చింది. 1932లో ఇక్కడ సర్కారు బస్సులు మొదలయ్యాయి. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. నడిపింది నిజాం స్టేట్ రైల్వే వాళ్లే, తమ కింద రోడ్డు రవాణా శాఖ ఒకటి పెట్టుకుని. రైలు టైము రాసేవాళ్లూ బస్సు టైము రాసేవాళ్లూ ఒకే కప్పు కింద కూర్చునేవాళ్లన్నమాట.

ఇప్పుడు ఎంఎంటీఎస్ రైల్వేది, సిటీ బస్సు ఆర్టీసీది, మెట్రో ఒక కంపెనీది, రోడ్డు ఒక చోట జాతీయ రహదారుల వాళ్లది, ఇంకో చోట మునిసిపాలిటీది. వీళ్లందరినీ కలపడానికి 2008 నాటి చట్టం కింద హుమ్టా అని ఒక సంస్థను పెట్టారు. నేను ఇప్పటికీ ఒకే ప్రయాణానికి బస్సులో ఆధార్ తీస్తాను, మెట్రోలో కార్డు తీస్తాను, ఆటోలో చిల్లర తీస్తాను. రచయిత "సమన్వయ లోపం" అని రాశారు. నేను కొట్టెయ్యలేదు, చాలా మర్యాదగా రాశారనుకున్నాను.

సెప్టెంబరు 26, శుక్రవారం

మెట్రో మొదటి దశను ఎల్ అండ్ టీ నుంచి రాష్ట్రమే తీసుకుంటుందట. సుమారు 13 వేల కోట్ల అప్పు, దాని మీద రెండు వేల కోట్లు. మే నెలలో టికెట్టు 12 నుంచి 75 దాకా పెంచి, గోల కావడంతో పది శాతం తగ్గించి 11 నుంచి 69 చేశారు. అయినా వాళ్ల లెక్క తేలలేదు. గ్రీన్ లైనులో పొద్దున కూడా నాకు సీటు దొరుకుతుంది. ప్రయాణికురాలిగా సంతోషమే, కంపెనీకి మాత్రం కాదు. అమీర్‌పేటలో మాత్రం మూడు పెట్టెల బండిలోకి మూడు ఊళ్ల జనం తోసుకుంటారు.

ఒకే యజమాని వస్తే బస్సూ మెట్రో మాట్లాడుకుంటాయేమో. చూద్దాం.

సెప్టెంబరు 27

రాత్రంతా టీవీ ముందే. మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చాయి. దసరాకు ఊళ్లకు బయల్దేరినవాళ్లు ప్లాట్‌ఫారాల మీద చిక్కుకున్నారు, తాళ్లు పట్టుకుని బయటికొచ్చారు. పొద్దున బస్సుల్ని ఊరి చుట్టూ ఉన్న వేరే చోట్ల నుంచి నడిపారు. జేబీఎస్‌లో బతుకమ్మ చీరల సంచులు, పిల్లలు, తడిసిన అట్టపెట్టెలు. ఎవరి దగ్గరా కారు లేదు, పండగకు వెళ్లక తప్పదు. ఆ గుంపులో బస్సు కుదురుతుందా కుదరదా అని చర్చించేవాళ్లు నాకు కనిపించలేదు.

అక్టోబరు 6

సిటీ బస్సుల్లో చార్జీ పెరిగింది. మొదటి మూడు స్టేజీలకు అయిదు రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి పది. ఎలక్ట్రిక్ బస్సుల ఖర్చుల కోసమట. మళ్లీ మగవాళ్ల మీదే. జూన్‌లో లెక్కలేసిన కుర్రాడు ఈ మధ్య కనిపించడం లేదు.

అక్టోబరు 18, శనివారం

బీసీ సంఘాల బంద్. పొద్దున బస్సులు డిపోల్లోనే ఉన్నాయి. హైవే మీద షేర్ ఆటోవాడు మనిషికి వంద చెప్పాడు. నేను ఇంట్లోనే పని చేసుకున్నాను. మా వంటావిడ మాత్రం ఊరి నుంచి ఎవరిదో ట్రాలీ ఆటో ఎక్కి వచ్చింది. రానక్కర్లేదని నిన్న సాయంత్రమే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. ఆవిడ చేసే నాలుగిళ్లలో ఏ ఇల్లూ చెప్పలేదు, మా ఇల్లు కూడా అందులో ఒకటి.

అక్టోబరు 26

టెక్సాస్ నుంచి తమ్ముడు ఫోటో పంపాడు. వాళ్ల ప్లానోలో నిన్న కొత్త రైలు మొదలైంది, అక్కడి రవాణా సంస్థ డార్ట్ వాళ్ల సిల్వర్ లైను. ప్లానో నుంచి డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయం దాకా 26 మైళ్లు. "అక్కా, ఇక అమ్మ వస్తే ఎయిర్‌పోర్ట్‌కి రైల్లోనే" అని రాశాడు. స్టేషనుకు ఇంటి నుంచి ఎలా వెళ్తావని అడిగాను. "కారులో."

అక్కడా అదే తంతు. అమ్మ పోయినేడు ఆర్నెల్లు ఉండి వచ్చింది. ఆ కాలమంతా శనాదివారాల కోసమే బతికానంటుంది. పక్క వీధిలో తెలుగువాళ్లున్నా, ఎండలో ఆ వెడల్పాటి రోడ్డు దాటి వెళ్లడానికి భయమట. కారు తోలడం రాని మనిషికి ఆ ఊళ్లో కాళ్లున్నా లేనట్టే. మా అమ్మ నాంపల్లి బస్సుల్లో మమ్మల్నిద్దర్నీ చంకనేసుకుని తిరిగిన మనిషి.

నవంబరు 3

ఇవాళ్టి నుంచి మెట్రో ఆఖరి బండి రాత్రి పదకొండుకే. ఇదివరకు పావు తక్కువ పన్నెండు దాకా ఉండేది. నాకు దీనితో పనిలేదు. ఎనిమిది దాటితే నేను ఈ దారిన రాను.

బస్సులు లేక కాదు. పదింటికి కూడా మేడ్చల్ బస్సులో ఆడవాళ్లుంటారు, కండక్టర్ ఉంటుంది, లైటు ఉంటుంది. భయం హైవే దిగాక. రెండు కిలోమీటర్లలో వెలిగే దీపాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, మధ్యలో గోడలే తప్ప ఇళ్లు లేవు. ఆటోలో నేనొక్కదాన్నే ఉంటే ఎక్కను. కాబట్టి ఎనిమిది దాటిన రోజున ఆయనకు ఫోన్ చేస్తాను, ఆయన కారు తీసుకుని హైవే మీదికి వస్తారు. కారు లేని ఆడపిల్ల ఏం చేస్తుంది? రాత్రి షిఫ్టు ఉన్న ఉద్యోగం ఒప్పుకోదు, లేదా ఊళ్లో హాస్టల్లో ఉంటుంది. ఎన్ని కోట్ల మంది ఎక్కారన్న లెక్కలో, ఎక్కకుండా ఆగిపోయినవాళ్లు ఎప్పటికీ కనిపించరు.

నవంబరు 8

తమ్ముడి దగ్గర నుంచి ఇంకో మెసేజ్. ప్లానో కౌన్సిల్ డార్ట్‌లో ఉండాలా మానాలా అన్నది మే నెలలో ఓటుకు పెట్టాలని తీర్మానించింది. కొత్త రైలు మొదలై రెండు వారాలు కాలేదు! కొన్న ప్రతి డాలరు సరుకు మీద ఒక సెంటు పన్ను డార్ట్‌కు పోతుంది, అంత కట్టి మాకు దక్కేదెంత అని వాళ్ల వాదన. పక్కనే ఫ్రిస్కో మొదటి నుంచీ అందులో లేదు. తెలుగువాళ్లు చాలామంది ఇళ్లు కొన్నది అక్కడ.

వాళ్ల వాదనలో కొంత న్యాయం ఉంది. ఖాళీగా తిరిగే బస్సుకు పన్ను ఎందుకు కట్టాలి అని ఎవరైనా అడుగుతారు. బస్సులు తగ్గిస్తారు, తగ్గాక ఇంకా ఖాళీ అవుతాయి, అప్పుడు మళ్లీ అడుగుతారు. గుండ్లపోచంపల్లి స్టేషను గురించి కూడా రేపు ఎవరో ఇదే అంటారు, జనం లేరు, రైళ్లు దండగ అని.

నవంబరు 15

ఇంటి లెక్కలు. రెండో కారు కొనలేదు. అది కొని ఉంటే కిస్తీ, ఇన్సూరెన్స్, పెట్రోలు, సర్వీసింగు అన్నీ కలిపి నెలకు పద్దెనిమిది వేలకు తక్కువ కాదు. ఇప్పుడు నాకు అయ్యేది మెట్రో, షేర్ ఆటో, ఎప్పుడైనా విసుగొచ్చి పిలిచిన క్యాబు. ఎంత ధారాళంగా వేసినా మూడున్నర వేలు దాటదు.

ఉన్న ఒక్క కారునూ అమ్మేద్దామా అంటే ఆయన పటాన్‌చెరు అడ్డం. అత్తగారి మోకాళ్లు అడ్డం. రాత్రి హైవే నుంచి ఇంటికి రావడం అడ్డం. కారు లేకుండా ఈ శివారులో సంసారం నడవదు. రెండో కారు మాత్రం అక్కర్లేదు. నాకు తేలింది ఇంతే, ఇది చిన్న సంగతేమీ కాదు. మా కాలనీలో సగం ఇళ్లకు రెండు కార్లున్నాయి. రెండోదాన్ని బయటికి తీసేది పొద్దున తొమ్మిదిలోపు, అదీ మా హైవే మీదికే.

నవంబరు 23, ఆదివారం

అసోసియేషన్ మీటింగు. గేటు నుంచి హైవేకు పొద్దునా సాయంత్రం ఒక వ్యాను నడుపుదామని నేను పెట్టిన ప్రతిపాదన నాలుగో అంశం. మొదటి మూడూ స్విమ్మింగ్ పూల్ టైల్స్, కుక్కలు, మళ్లీ కుక్కలు.

వ్యాను ఎవరూ వద్దనలేదు. నాకే ఆశ్చర్యం. పిల్లలు ఇంటర్, డిగ్రీలకు వచ్చిన ఇళ్లవాళ్లు ముందే చేతులెత్తారు, రోజూ దింపి రావడం తమకూ తప్పుతుందని. మెయింటెనెన్స్‌లో ఇంటికి నెలకు రెండొందలు కలపాలి. డ్రైవరు మన వాచ్‌మన్ బావమరిది, లైసెన్సు ఉంది.

గొడవ తర్వాత వచ్చింది. పనివాళ్లు ఎక్కొచ్చా? "డబ్బులు కట్టేది మనం కదండీ" అని ఒకరు. "గేటు దాకా వాళ్లను మనమే తీసుకొస్తే, రేపు జీతంతో పాటు అదీ అడుగుతారు" అని ఇంకొకరు. రిటైరైన ఇంజినీరుగారొకరు వ్యాను టైములు బోర్డు మీద రాసి చూపించారు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా బయటికి వెళ్లేవాళ్లం పదిమందిమి. లోపలికి వచ్చేవాళ్లు యాభై మందికి పైన. వాళ్లను ఎక్కించుకోకపోతే వ్యాను హైవే నుంచి ప్రతిసారీ ఖాళీగా తిరిగి రావాలి, ఆ డీజిలు మనమే పొయ్యాలి. సాయంత్రం దీనికి సరిగ్గా తిరగేసి.

లెక్క అందరికీ అర్థమైంది. అయినా ఒప్పుకోలేదు. వ్యాను డిసెంబరు 1 నుంచి, పనివాళ్ల సంగతి వచ్చే మీటింగుకు వాయిదా. ఇంజినీరుగారి లెక్కను మినిట్స్‌లో చేర్చాలని నేను పట్టుబట్టాను. సెక్రటరీగారు "అవసరమా మేడమ్?" అన్నారు. అవసరమేనని చెప్పి, నేనే చెబుతుంటే ఆయన రాశారు.